వృత్తి: ఏమీ లేదు

ఆ ఊళ్ళో కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళలో సగం మంది ఆమె పుణ్యాన అక్షరాలు చదవగలుగుతున్నారు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. దుకాణం ముందు గదిలో కూర్చునేది ఆమె భర్త. అందరూ అతణ్ణి అద్దాలాయన అంటారు. నవ్వుతూ ఫ్రేములు చూపిస్తాడు, "రేపు సాయంత్రం రండి, నేనే దగ్గరుండి చేస్తా" అంటాడు. చేసేది మాత్రం తెర వెనక ఉన్న భార్య. అక్కడ ఒక ఇరుకు బల్ల, తిరిగే సానచక్రం, దాని మీద బొట్లుబొట్లుగా పడే నీళ్ళు. అద్దాన్ని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఫ్రేములో అతికినట్టు కూర్చునేదాకా అంచు అరగదీస్తుంది. తొడుగు వేసుకుంటే అంచు చేతికి తెలియదని ఉత్త వేళ్ళతోనే పట్టుకుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. జీతం అన్న మాట ఆ తెర దాటి లోపలికి ఏనాడూ రాలేదు.

సొంత దుకాణంలో జీతమేమిటని మీరు అనవచ్చు. ఆమె కూడా అలాగే అనుకుంది. ఆ సొంతం ఎవరి పేరు మీద ఉందో చూసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మూడేళ్ళుగా ఆ భార్యాభర్తల మధ్య మాటల్లేవు. ఏం కావాలన్నా అద్దాలాయన కళ్ళ పవరు రాసుకునే చీటీ వెనక రాసి తెర కిందనుంచి తోసేవాడు. అన్నం అయిందా అన్నదీ చీటీయే. పదో తరగతి చదివే కూతురు ఆ చీటీలకు జవాబులు మోసి మోసి విసిగిపోయింది. "మీరు విడిపోతే నేనేం ఏడవనమ్మా. ఇలా కలిసుంటేనే ఏడుపొస్తోంది" అంది ఒకరోజు. అద్దాలాయన విడాకుల మాట ఎత్తినప్పుడు ఆమె సరేనన్నది ఆ పిల్ల కోసమే.

కాగితాలు పట్టుకొచ్చినవాడు ఆమె సొంత అన్న. లాయరు అద్దాలాయన స్నేహితుడు.

"చదవడానికేముందమ్మా అందులో? ఇద్దరూ ఒప్పుకున్నట్టు రాశారంతే. గుట్టుగా సంతకం పెట్టి బయటపడు. నలుగురి నోళ్ళలో నానడం మనకెందుకు?" అన్నాడు అన్న.

"ఇద్దరికీ ఒకే లాయరేంటి అన్నయ్యా?"

"ఖర్చు కలిసొస్తుందిగా."

ఎవరికి కలిసొస్తుందో ఆయన చెప్పలేదు.

కోర్టులో మొదట వేలిముద్రలు తీసుకునే గదికి వెళ్ళాలి. అక్కడ లాయరు కాగితం ఎత్తి గడగడా చదివాడు. "భార్య వృత్తి: ఏమీ లేదు. దుకాణంతో ఆమెకు ఎలాంటి సంబంధమూ లేదు. ఇకమీదట భర్త నుంచి ఏదీ కోరదు." ఆ మూడు వాక్యాలూ ఆయన చదివింది క్రితం నెల ఆమె చేసిచ్చిన అద్దాలతోనే! ఇంత అన్యాయం జరుగుతుంటే ఆ గదిలో ఒక్కరి ముఖమూ మారలేదు. ఆమె తలవంచుకుని సంతకం పెట్టేసింది.

తరువాత వేలిముద్ర. యంత్రం మీద ఎడమ బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రదీపమే.

ముద్రల గుమాస్తా పెద్దావిడ. ముప్పై ఏళ్ళుగా జనం ముఖాల కంటే వేళ్ళే ఎక్కువ చూసిన మనిషి. ఈమె చెయ్యి వెలుతురులోకి లాగి చూసింది. "ఏం పని చేస్తావమ్మాయ్?"

"ఇంట్లోనే ఉంటుందండీ. గిన్నెలూ అవీ తోమి అలా అయ్యుంటాయి" అన్నాడు అద్దాలాయన.

"గిన్నెలు తోమితే చెయ్యంతా గరుకెక్కుతుంది బాబూ. ఇక్కడ అరిగినవి రెండే వేళ్ళు. ఏదో సన్నటిది పట్టుకుని ఏళ్ళ తరబడి రాపిడి పెట్టిన చెయ్యి ఇది."

అద్దాలాయన నీళ్ళు నమిలాడు. "ఏదో... ఊరికే సాయం చేస్తుంటుంది."

"ఊరికే చేసిన సాయానికి వేలిగీతలు చెరిగిపోయాయా?" పెద్దావిడ గొంతు లేచింది. "ముద్ర పడకపోతే కారణం రాసి మీరిద్దరూ సంతకం చెయ్యాలి. కింద నేను పనివల్ల అరిగిందని రాయాలి. పైన మీరు పనే లేదన్నారు. రెండూ ఒక్క కాగితంలో ఎలా పెట్టమంటారు?"

ఆమె తన బొటనవేలిని చూసుకుంది. నున్నగా ఉంది. పద్దెనిమిదేళ్ళ జీవితమంతా ఆ చక్రం మీద నీళ్ళతోపాటు కారిపోయిందని అప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"లాయరుగారూ, మీ కళ్ళజోడు ఒకసారి ఇవ్వండి."

ఆయన తెల్లబోయి తీసిచ్చాడు. ఆమె దాన్ని చేతిలోనే ఉంచుకుని అంచు మీద వేలు నడిపింది. "మీ ఫ్రేము వంకర. అందుకే ఎడమ అద్దం కిందమూల కాస్త ఎక్కువ అరగదీశాను. ఇప్పుడు చదవండి, నా వృత్తి ఏంటో."

లాయరు కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు, చేయి చాచి దూరంగా పెట్టుకున్నాడు. ఒక్క అక్షరం నోట రాలేదు.

"ఇది లేకపోతే అక్షరం కనపడదు మీకు. ఇది చేసిన నాకు పనే లేదని రాశారా?"

"పరువు తియ్యకే, పద" అన్నాడు అన్న.

"విడిపోనని అనడంలేదు అన్నయ్యా. ఒట్టిచేతులతో పోనంటున్నా. ఈ వేలిగీతలు మళ్ళీ వస్తాయా?" అని తాను సంతకం పెట్టిన కాగితాన్ని వెనక్కి తీసుకుంది.

పెద్దావిడ కారణం రాయాల్సిన ఫారం మడిచి పక్కన పెట్టింది. "మేడ మీద డబ్బు తీసుకోని లాయర్లుంటారు. నీకంటూ ఒకరిని పెట్టుకో. విడిపోవడం తప్పు కాదమ్మాయ్. నీ కష్టాన్ని లేదని రాసి విడగొట్టడం దొంగతనం."

ఆమె అన్న ముఖం చూడకుండా మేడ మెట్లెక్కింది. దుకాణంలో సగం వాటా కోరుతూ తయారైన కొత్త దరఖాస్తులో ఒక్క గడి మాత్రం మేడ మీద తనకు దొరికిన లాయరమ్మను రాయనివ్వలేదు. వృత్తి అన్నచోట తన చేత్తోనే రాసుకుంది: కళ్ళద్దాలు సానపట్టడం, పద్దెనిమిదేళ్ళు.

అక్కచెల్లెళ్ళారా, విడాకుల కాగితం మీద సంతకం పెట్టేముందు మీ వృత్తి ఏమని రాశారో మీ కళ్ళతో మీరు చదువుకోండి. అక్కడ అబద్ధముంటే, దాని కింద రాసిందంతా దోపిడీయే.