బొంగరం వాళ్ళమ్మ రాసిన జవాబు

మా మేనకోడల్ని ఇంట్లో అందరూ బొంగరం అంటారు. రెండో తరగతి, నా దగ్గరే చదువుతోంది. బళ్ళో టీచర్ అని పిలవమన్నాను. అత్తనన్న సంగతి వదులుకోలేక ‘టీచరత్తా’ అంటుంది. ఒక్క లెక్క పూర్తయ్యేలోపు పెన్సిలు రెండుసార్లు చెక్కుతుంది, కిటికీ దాకా వెళ్ళొస్తుంది, పక్కపిల్ల జడ విప్పి మళ్ళీ అల్లుతుంది. జడ మాత్రం బాగానే అల్లుతుంది.

పిల్లల డాక్టరు ఒక ఫారం ఇచ్చి, ఒక పేజీ టీచర్ని, ఇంకో పేజీ తల్లిని నింపమంది. నాది నేను నింపాను. మా మరదలు యూనిఫారాలు కుట్టే షాపులో పనిచేస్తుంది. మిషను ముందు కూర్చుని, కాజాలకూ గుండీలకూ మధ్య తన పేజీ నింపింది. కడుపుతో ఉన్నప్పుడు తీవ్రమైన మానసిక ఒత్తిడి ఉండేదా అన్న ప్రశ్నకు ‘లేదు’ అని రాసింది.

ఆమెకు ఆరో నెలలో మా తమ్ముడు పోయాడు.

ఎందుకలా రాశావని అడిగాను.

“ఉందని రాస్తే, ఇది ఇలా ఉండడానికి నేనే కారణమని తేలిపోతుంది వదినా,” అంది మిషను ఆపకుండానే. “అప్పుడు మీరేగా అన్నారు, ఏడవకు, పిల్ల మీద పడుతుందని.”

అన్నాను. నేనే కాదు, ఇంటిల్లిపాదీ అన్నాం. ఆమె కళ్ళు తడిస్తే చాలు, ఎవరో ఒకరం జోకు చెప్పేవాళ్ళం. మా బాబాయి జోకులకంటే ఏడుపే నయం. తమ్ముడి మాటెత్తడం మానేశాం. ఆ మానేయడం ఏడేళ్ళు సాగింది.

మర్నాడు క్లినిక్కులో డాక్టరు ఫారం చదువుతుంటే, బొంగరం స్టూలెక్కి గిరగిరా తిరిగింది. దిగి, గోడకున్న కొలబద్ద దగ్గర తన ఎత్తు, నా ఎత్తు, చెత్తబుట్ట ఎత్తు చూసేసింది. మరదలు చేతిసంచి పట్టీ మెలితిప్పుతూ కూర్చుంది.

“అక్కడ అబద్ధం రాశానండి,” అంది చివరికి. “ఒత్తిడి ఉండేది. చాలా ఉండేది. నా వల్లే ఇలా అయిందా?”

డాక్టరు కలం పక్కన పెట్టింది. తల్లికి అప్పుడు పెద్ద కష్టమొస్తే, కొందరు పిల్లల్లో నిలకడ తగ్గే అవకాశం కొంచెం పెరగవచ్చునట. చాలామందిలో ఏమీ కనిపించదట. ఫలానా పిల్లకు ఇదే కారణమని ఎవరూ వేలు పెట్టి చూపించలేరట. కష్టం వచ్చి పడడం మీ తప్పెలా అవుతుందని అడిగింది. తర్వాత, వాళ్ళ నాన్న చిన్నప్పుడు ఎలా ఉండేవారంది.

మరదలు నావైపు చూసింది. ఆమెకు తెలియదు. పెళ్ళయిన రెండో ఏడే వాడు పోయాడు. చెప్పాల్సిన నేను ఈ ఏడేళ్ళూ నోరు విప్పలేదు.

“మూడో తరగతిలో వాడు క్లాసులో కంటే వరండాలోనే ఎక్కువ ఉండేవాడు,” అన్నాను. “కదలకుండా ఉంటాడని మా అమ్మ కుర్చీకి కట్టేస్తే, కుర్చీతో సహా వీధిలోకొచ్చాడు.”

మరదలు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేను ఆపలేదు. కళ్ళు తుడుచుకుని, ఫారం అడిగి తీసుకుని, ‘లేదు’ కొట్టేసి ‘ఉంది’ అని తానే రాసింది. పది నిమిషాలు పని, ఐదు నిమిషాలు తిరుగుడు, అలా ఒక నెల చూద్దామంది డాక్టరు.

బస్టాపులో మరదలు వదల్లేదు.

“కుర్చీ సరే, ఇంకేం చేసేవారు?”

వాడు హెడ్‌మాస్టరు గొడుగు దాచిన సంగతి చెప్పాను. అది సగంలో ఉండగా మా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. మా ముగ్గురిలో అది గమనించింది బొంగరం ఒక్కతే. ఇంకో బస్సుకు ఇరవై నిమిషాలుంది. ఈలోగా గొడుగు దొరికిన సంగతి చెప్పెయ్యొచ్చు.