జీరో చూసుకోండి

"జీరో చూసుకోండి" అని చెప్పి, బైకాయన తలెత్తి మీటరు చూసేదాకా ఆమె గొట్టం మీట నొక్కలేదు. ఆయన ఫోనులో మునిగి ఉన్నాడు. వెనక ఒక పాలవ్యాను హారను కొడుతోంది. అయినా ఆమె కదల్లేదు. ఆయన విసుక్కుంటూ చూశాక అప్పుడు పోసింది.

పెట్రోలు బంకులో అందరూ చెప్పాల్సిన మాటే అది. మిగతావాళ్లు గొణిగేసి పోసేస్తారు. ఈమె నాలుగేళ్లుగా ఒక్క బండినీ వదల్లేదు. అందుకే అందరూ ఆమెను జీరో అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఒక్కోసారి తనే పలకదు. ఇరవై రెండేళ్లుంటాయి. పొట్టి మనిషి. మీట నొక్కీ నొక్కీ కుడిచేతి వేళ్ల మొదళ్లలో కాయలు కాశాయి. ఎంత సబ్బు రుద్దినా ఒంటికి పెట్రోలు వాసన పోదు.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఆమె సైన్యం మెడికల్ బోర్డు ముందుకు రెండోసారి వెళ్లాలి. మొదటిసారి పరుగు, ఎత్తు, కళ్లు అన్నీ గట్టెక్కాయి. చివర్లో ఒక కాగితం ఇచ్చారు. ఎప్పుడైనా మానసిక సమస్యకు చికిత్స తీసుకున్నారా? పక్కన రెండు గళ్లు. ఆమె 'అవును' గడిలో టిక్కు పెట్టింది. పక్క కుర్చీలో అమ్మాయి అది చూసి, పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఆ చికిత్స పూర్తయినట్టు కాగితాలు తెస్తే ఆలోచిస్తామనీ, లేకపోతే పేరు కొట్టేస్తామనీ బోర్డువాళ్లు చెప్పారు.

బంకులో చేరిన ఆరు నెలలకు వచ్చింది ఆ జబ్బు. ఏడుపు కూడా రాలేదు, అదీ విచిత్రం. మంచం నుంచి తలుపు దాకా ఆరడుగులు. ఆ ఆరడుగులు నడవాలా వద్దా అని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆలోచించేది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఏడాదిన్నర మాత్రలు. డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక పరుగైంది. ఆ పరుగు ఊరి చివర సైన్యం మైదానం కంచె దాకా వెళ్లేది. లోపల ఆడవాళ్లు వరసగా పరిగెత్తుతుంటే బయట తనూ వాళ్లతో సమానంగా పరిగెత్తేది. ఆ కంచెకు అవతల ఉండాలని ఆమెకు ఎంత కోరికో చెప్పలేం. ఆఖరి మాత్ర వేసుకుని ఏడాదిన్నర దాటింది.

పదకొండింటికి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, పెట్టె అడుగుదాకా వెతికింది. అమ్మ మిషను ముందు కూర్చుని స్కూలు చొక్కాలు కుడుతోంది.

"అమ్మా, పచ్చ ఫైలేదీ?"

"ఏ ఫైలు?"

"నా ఆసుపత్రి ఫైలు."

మిషను ఆగింది. "కాల్చేశాను."

జీరో పెట్టె మూత వేసేసింది.

"నువ్వు పరుగులో నెగ్గిన రోజున నీళ్ల పొయ్యిలో పెట్టేశానే. పీడ విరగడైందనుకున్నా. అది ఎవరి కంటైనా పడితే నీకు ఉద్యోగమిస్తారా? ఇంటిగుట్టు లంకకు చేటు."

"నేను అవునని రాసేశానమ్మా."

"ఎవరడిగారే నిన్ను?"

"వాళ్లే అడిగారు."

అమ్మ కత్తెర కింద పెట్టింది. జీరో పెట్టె మీద కూలబడింది. ఆ పాత బరువు మళ్లీ వస్తుందేమోనని కాసేపు తనను తానే కనిపెట్టుకుంది. రాలేదు. వచ్చింది ఒట్టి కోపం. కోపం వచ్చినందుకు లోలోపల కాస్త సంతోషం కూడా వేసింది.

"లే," అంది అమ్మ. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకో. పద."

ఆ ఏడాదిన్నరా అమ్మ కూతుర్ని పంటి డాక్టరుకు చూపిస్తున్నానని చెప్పింది. అన్నాళ్లు ఆ పిల్ల పళ్లకేమైందో అని వీధంతా జాలిపడింది. ఆసుపత్రిలో ఎప్పుడూ వెనక బల్ల మీద, గోడవైపు తిరిగి కూర్చునేది. ఇవాళ మాత్రం చీరకు దారప్పోగులు అంటుకుని ఉండగానే నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లింది. కాంపౌండరు ముసలాయనకు చెవుడు. బల్లల మీద పాతికమంది దాకా ఉన్నారు. వాళ్లలో పక్కింటావిడ ఒకతి.

"పాత కార్డు కావాలయ్యా," అంది అమ్మ.

"దేనికి చూపించారు?"

అమ్మ మెల్లగా ఏదో చెప్పింది.

"ఆఁ?"

అమ్మ కూతురివైపు చూసింది. గొంతు సవరించుకుంది. "మా అమ్మాయికి డిప్రెషన్ వచ్చింది. మందులు వాడాం. తగ్గిపోయింది. ఆ కార్డు కావాలి."

హాలంతా వినబడింది. ముసలాయన లేచి బీరువా తెరిచాడు. కార్డు దొరికింది. డాక్టరు దాన్ని చూసి ఒక ఉత్తరం రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. బయటికొచ్చాక అమ్మ దానికి జెరాక్సు తీయించింది.

"ఇంకో కాపీ ఎందుకమ్మా?"

"ఉండనీ."

మెడికల్ బోర్డులో నెరిసిన జుట్టు డాక్టరమ్మ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. ఆ సంగతి తెలుసా?"

"తెలుసండి."

"మరెందుకు చెప్పావు?"

"మా బంకులో జీరో చూపించందే పోయనండి. అలవాటైపోయింది."

డాక్టరమ్మ నవ్వలేదు. "మళ్లీ వస్తే?"

"మొదటి వారంలోనే చెప్తానండి. పోయినసారి నాలుగు నెలలు దాచాను. అదే తప్పు."

ఆవిడ పెన్ను తీసి, సైన్యానికి పనికొస్తుందని రాసి సంతకం పెట్టింది.

ఆ తర్వాత మూడో సోమవారం తెల్లవారుజామున శిక్షణకు బస్సు. బస్టాండులో అమ్మ ఆమె కాలరు సర్దింది. "బాగాలేకపోతే చెప్పు. నాకైనా సరే, వాళ్లకైనా సరే," అంది. జీరో తలూపి ఎక్కింది. బస్సు మలుపు తిరిగాక అమ్మ ఇంటికి నడిచొచ్చి, మిషను ముందు కూర్చుంది.

పదింటికి పక్కింటావిడ జాకెట్టు కొలతలిద్దామని వచ్చింది. కొలతలయ్యాక గొంతు తగ్గించి, "ఆ రోజు ఆసుపత్రిలో ఏదో అన్నావు. అలాంటి పిల్లను సైన్యంలోకి తీసుకున్నారా?" అంది.

అమ్మ తలెత్తకుండానే గోడవైపు చూపించింది. "అదిగో. చూసుకోండి."

మిషనుకు పైన, ఎవరొచ్చినా కళ్లబడేచోట, ప్లాస్టిక్ కవరులో డాక్టరు ఉత్తరం జెరాక్సు ఉంది. ఒక్క మేకు చాలేది. అమ్మ నాలుగు మూలలా నాలుగు కొట్టింది.