పొద్దుటి గీత

నేను ఒక కాగితం కవరుని. మందుల షాపులో మాత్రలు వేసి చేతికిస్తారే, అరచేతిలో ఇమిడిపోయే ఆ చిన్న కవరునే. నా పుట్టుక గురించి గొప్పలు పోవడానికేమీ లేదు. చీరాలలో ఒక ఇంటి వరండాలో ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ పాత పరీక్ష కాగితాలు కత్తిరించి, మైదా జిగురు రాసి నన్ను అతికించారు. రాసిన వైపు లోపలికి మడిచారు. నా కడుపులో ఎవరో రాసిన సాంఘికశాస్త్రం జవాబు ఉంది. మాస్టారు దానికి సున్నా వేశారు.

కట్టలో ఒకదానినై రంగనాయకులు మందుల షాపుకి చేరాను. వెళ్లీ వెళ్లగానే నా ముఖాన షాపు పేరున్న రబ్బరు ముద్ర గుద్దారు. రంగనాయకులుకి ఒక పద్ధతి ఉండేది. చదువు రానివాళ్ల కోసం కవరు మీద పెన్నుతో గీతలు గీసి ఇచ్చేవాడు. ఎడమవైపు గీత పొద్దున, మధ్యలో గీత మధ్యాహ్నం, కుడివైపు గీత రాత్రి. చుట్టుపక్కల మగ్గాల పేటలన్నీ ఆ గీతల్ని నమ్ముకుని మందులు మింగేవి. డాక్టరు చీటీ ఎవరికీ అర్థం కాదు, అర్థం కావాలన్న పట్టింపు డాక్టర్లకూ లేదు. రంగనాయకులు గీత మాత్రం ముసలమ్మలకు కూడా తెలిసేది. అతనికి మంచివాడని పేరు. నిజానికి మంచివాడే.

ఒక సాయంత్రం షాపు జనంతో కిటకిటలాడుతుండగా కోటేశ్వరి అనే అమ్మాయి చీటీ పట్టుకుని వచ్చింది. వాళ్లమ్మ నాంచారమ్మ రాట్నం మీద మగ్గానికి నూలు కండెలు చుట్టేది. వేళ్ల కీళ్లు వాచిపోయి రాట్నం తిప్పలేకపోతోంది. కీళ్లవాతానికి డాక్టరు రాసిన మాత్ర వారానికి ఒక్కటే వేసుకోవాలి. చీటీలో ఆ సంగతి ఇంగ్లీషులో ఉంది. రంగనాయకులు చూశాడు, మాత్రల షీటు తీసి నాలో వేశాడు. కళ్లు పక్కవాళ్ల చీటీ మీద ఉండగా, చేయి మాత్రం తన పని తాను చేసుకుపోయి ఎడమవైపు ఒక గీత గీసింది.

"ఒకటే ఎయ్యి తల్లీ, ఎక్కువొద్దు," అన్నాడు.

"అట్నేనండీ," అంది కోటేశ్వరి.

ఆ పిల్ల శ్రద్ధ చూస్తే నాకు ముచ్చటేసేది. పొద్దున్నే తల్లికి అన్నం పెట్టి, నా మీది గీత చూసుకుని, మాత్ర తీసి నోట్లో వేసి నీళ్లు పట్టేది. ఇప్పుడు తలుచుకుంటే నా గుండె చెరువవుతుంది. కొన్నాళ్లకే నాంచారమ్మ నోరు పూసింది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించారు, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. మాత్ర మాత్రం మానలేదు. జ్వరం ముదిరాక గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరుకి చూపించడానికి కోటేశ్వరి నన్నూ తీసుకెళ్లింది.

"ఈ మాత్ర ఎలా వేశారమ్మా?"

"రోజూ పొద్దున ఒకటండీ. నేనే ఏశాను."

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఇది వారానికొకటి వెయ్యాల్సిన మందు. రోజూ వేస్తే రక్తకణాలు పడిపోతాయి."

పక్కనే ఉన్న తండ్రి పిచ్చయ్య ఆ మాట విన్నాడు. నాంచారమ్మ దక్కలేదు. ఆ రోజు నుంచి పిచ్చయ్య కూతురితో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. తల్లిని చంపిందని నాన్న అనుకుంటున్నాడని కోటేశ్వరి లోలోపల కుమిలిపోయింది.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు ఆనవాయితీ ప్రకారం నాంచారమ్మ పరుపూ, మందు సీసాలూ తీసుకెళ్లి బయట పారేశారు. నేను బతికిపోయాను. ఆసుపత్రిలో నర్సు తీసిచ్చిన తల్లి ముక్కుపుడకని పెట్టుకోవడానికి వేరే ఏమీ లేక, మిగిలిన మాత్రలతో పాటు నాలోనే వేసి కోటేశ్వరి తన పెట్టెలో దాచుకుంది.

ఊళ్లో రత్నకుమారి అని ఒక ప్లీడరు ఉండేది. కోటేశ్వరి ఆవిడ దగ్గరికి వెళ్లింది.

"పోలీసు కేసు పెట్టొచ్చు. మందుల ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు ఇస్తే షాపు లైసెన్సు సంగతి వాళ్లు చూస్తారు. నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి, రెండేళ్లు దాటకూడదు. నీకేం కావాలమ్మాయ్?"

"తప్పు ఎవరిదో తేల్చే చోటికి తీసుకెళ్లండి మేడం. మా నాన్న ఇనాలి."

"బిల్లుందా?"

బిల్లు అడిగే అలవాటు ఆ పేటలో ఎవరికుంది? కోటేశ్వరి నన్ను తీసి బల్ల మీద పెట్టింది. ముక్కుపుడక మాత్రం తీసి దాచుకుంది.

ఆ విధంగా చదువురాని నేను జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యమయ్యాను. వారానికొకటని నోటితో చెప్పాననీ, వాళ్లే సరిగా వినలేదనీ రంగనాయకులు వాదించాడు. అబద్ధమాడుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు కమిషన్ సభ్యురాలు నన్ను పైకెత్తి చూపించింది.

"ఈ గీతకి అర్థం ఏమిటి?"

"రోజూ పొద్దున ఒకటి అని మేడం."

"వారానికి ఒకటి అని చెప్పడానికి ఏ గీత గీస్తారు?"

రంగనాయకులు నా వంక చూశాడు. "అట్టాంటి గీత లేదు మేడం," అన్నాడు. పాపం, అన్నేళ్లుగా గీస్తున్నా ఆ సంగతి అతనికి అప్పుడే తట్టినట్టుంది.

తప్పు షాపుదేననీ, పరిహారం ఇవ్వాలనీ, మందు వేసిన ఇంటివాళ్ల తప్పేమీ లేదనీ తీర్పు వచ్చింది. రత్నకుమారి కమిషన్ వరండాలో బల్ల మీద కూర్చుని తండ్రీకూతుళ్లకి తెలుగులో చదివి వినిపించి, వేరే కేసుందని లోపలికి వెళ్లింది. కిటికీకి ఇవతల గుమాస్తా బల్ల మీద నేనున్నాను. పిచ్చయ్య తల దించుకునే ఉన్నాడు.

"ఇన్నావా నాన్నా? నా తప్పు లేదంట. ఇప్పుడన్నా మాట్టాడు," అంది కోటేశ్వరి ఏడుస్తూ.

"నీ తప్పని నేనెప్పుడన్నానే?" అన్నాడు పిచ్చయ్య. "నువ్వు వేటపాలెం పెళ్లికెళ్లిన రోజు మీ అమ్మ మాత్రొద్దంది. నోరు మండిపోతంది, ఇయ్యాల్టికొద్దయ్యా అని బతిమాలింది. నేనే కసిరి ఏశాను. నీతో ఏ మొగం పెట్టుకుని మాట్టాడేది?"

కోటేశ్వరి తండ్రి చేయి పట్టుకుంది. "ఇంటివాళ్ల తప్పు లేదని రాశారు నాన్నా. అందులో నువ్వూ ఉన్నావు."

"ఆళ్లకి ఈ సంగతి తెలవదు గదే అమ్మా," అన్నాడు పిచ్చయ్య.

అంతలో గుమాస్తా నన్ను ఫైల్లో పెట్టి దారం ముడి వేశాడు. ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.