సొరంగంలో నాట్లు

సభకు వచ్చిన విద్యార్థులారా, కార్మికులారా, అన్యాయం ఎవరికి జరిగింది? సావదైరా అనే మా కొండపల్లెకు. ఎలా జరిగింది? జపానులో ఒక సముద్రతీరం నుంచి మరో తీరానికి కొండల మీదుగా వేసే వేగరహదారి మొదట గీసిన దారిలోనే సాగి ఉంటే, శాసనసభ్యుడు హనెయిషికి చెందిన దేవదారు వనాన్ని చీల్చుకుంటూ పోయేది. ఒక చలికాలంలో ఆ గీత చడీచప్పుడు లేకుండా వంగింది. వనం మిగిలింది. రహదారి కోసం తవ్వే సొరంగం మా పొలాలకు నీళ్లిచ్చే ఊట కిందికి వచ్చింది.

నాట్ల కాలానికి ఊట సన్నగిల్లింది. కొన్నాళ్లు తడిసిన రాయి మిగిలింది, తర్వాత ఆ రాయీ ఆరిపోయింది. రహదారి సంస్థ అధికారి మా సమావేశ మందిరానికి వచ్చి, బూట్లు విప్పి, ఎంతో మర్యాదగా వంగి నమస్కరించి, "ఈ ఏడు మంచు తక్కువ పడింది గదండీ" అన్నాడు.

మా అత్తగారు తొమె లేచి నిలబడింది.

"తక్కువ పడిందా? మరి నా నడుము ఎందుకు విరిగిందయ్యా? ఇంటి కప్పు మీద మంచు తోసింది నువ్వా, నేనా?"

జనం నవ్వారు. అధికారి కూడా నవ్వి, ట్యాంకరుతో నీళ్లు పంపిస్తామన్నాడు.

"ట్యాంకరుతో వరి పండిస్తావా నాయనా?" అని వెనుక నుంచి పొరుగింటి ఫుమి అరిచింది. ఈసారి అతడు నవ్వలేదు.

మేము సొరంగం దగ్గరికి వెళ్లాము. దాని నోట్లోంచి కాలువ కట్టి నీళ్లు లోయలోకి పారుతున్నాయి. అత్తగారు దోసిలి పట్టి తాగింది. "మనవే" అన్నది. పక్కనే కొండదేవత గూడు ఉంది. ఆ దేవత ఆడది. ఆడవాళ్లంటే ఆమెకు గిట్టదు. ఆడది సొరంగంలో అడుగుపెడితే కొండ కూలుతుందని తవ్వేవాళ్ల నమ్మకం. అటువంటి రోజున ఎవరూ పని ముట్టరు.

ఆ సాయంకాలం మందిరంలో వాదన పెరిగింది.

"హనెయిషి గారితో పెట్టుకుంటే మన పిల్లలకు ఎక్కడా పని పుట్టదు" అన్నారు మగవాళ్లు.

"మనం లోపలికి నడిస్తే చాలు, తవ్వే మిషను ఆగిపోతుంది" అన్నది ఫుమి.

"కొండ కూలితే?" అన్నాడొకడు.

"ఇంతకుముందు ఒకసారి నడిచాం. కూలిందా?" అన్నది అత్తగారు.

యుద్ధకాలంలో ఇదే కొండ కింద తవ్వుతున్న రైలు సొరంగం కూలి, పనివాళ్లు లోపల చిక్కుకున్నారు. లోపల ఎవరూ బతికి ఉండరని చెప్పి దాని నోరు మూసేయమన్నాడు అప్పటి కాంట్రాక్టరు. ఊళ్లో మగవాళ్లు లేరు, యుద్ధానికి పోయారు. పొలం పారలతో, పారలు విరిగాక చేతులతో, ఆడవాళ్లే తవ్వి మనుషులను బయటికి లాగారు. ఆనాడు ఎవరికీ ఏ దేవతా గుర్తు రాలేదు.

మర్నాడు ఉదయం ఆడవాళ్లమంతా నాట్ల బట్టలు కట్టుకుని, నారు కట్టలు చంకన పెట్టుకుని, సొరంగంలోకి నడిచాము. దీపాలు మసకగా ఉన్నాయి. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి.

"ఆడవాళ్లొచ్చారు! ఆపండిరా!" అని ఎవరో కేక పెట్టారు.

యంత్రం ఆగింది. ఆ నిశ్శబ్దంలో మాకు మరో ధ్వని వినిపించింది. రాతి వెనుక ఏదో బరువైనది మూలుగుతూ గోడను నెడుతున్నట్టున్నది.

"కొన్నాళ్లుగా ఇదే గోల అవ్వా. రాతి వెనుక నీళ్లు నిండి నెడుతున్నాయి" అన్నాడు తవ్వేవాళ్ల మేస్త్రీ ఇవాబుచి. "భయంగా ఉందయ్యా అంటే, పని చూసుకోండిరా అంటున్నాడు కాంట్రాక్టరు. నువ్వు బయటికి పో. దేవతకు కుళ్లు పుడుతుంది."

"నన్ను చూసి కుళ్లుకునేంత అందం ఇంకా ఉందంటావా?" అని అత్తగారు బోసినోటితో నవ్వి, వంగి, సొరంగపు బురదలో మొదటి నారు నాటింది. "నీళ్లు ఇక్కడున్నాయి. నాట్లూ ఇక్కడే."

మేమంతా వరసగా వంగాము.

కాంట్రాక్టరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏరా ఇవాబుచీ, ముసలమ్మలకు జడిసి మిషను ఆపావా? తిప్పు!"

ఒక పోలీసు అత్తగారి చెయ్యి పట్టి లాగాడు. ఇవాబుచి దీపం ఎత్తి ఆ చేతిని చూశాడు. గోళ్లన్నీ వంకరగా, సగం సగమే మొలిచి ఉన్నాయి.

"అవ్వా, రైలు సొరంగం తవ్విన ఆడవాళ్లలో నువ్వున్నావా?"

"ఉన్నాను."

"మా నాన్న అందులోంచే బతికి వచ్చాడు. తనను లాగిన చేతికి గోళ్లు లేవని చెప్పేవాడు. ఆ ఊరికి నేనేం ఇచ్చానురా అంటూనే పోయాడు."

అతడు తన శిరస్త్రాణం తీసి అత్తగారి తలకు పెట్టాడు. యంత్రానికి, మాకు నడుమ నీళ్లలో కూర్చున్నాడు.

"నేను తిప్పను" అన్నాడు.

"నేనూ తిప్పను" అన్నాడు పక్కవాడు, కూర్చుంటూ. తర్వాత ఇంకొకడు. చూస్తుండగానే అక్కడ పని చేసేవాళ్లలో నిలబడినవాడు లేడు. విద్యార్థులారా, కార్మికులారా, మమ్మల్ని కలిపింది ఆ నీళ్లే: మా పొలాలను ఎండగట్టిన నీళ్లే వాళ్ల ప్రాణాల మీదికి వస్తున్నాయి.

పోలీసులు ఇవాబుచి చేతులకు బేడీలు వేశారు. అతణ్ణి బండి దాకా ఈడ్చుకుపోతుంటే మేమందరమూ వెంట నడిచాము. వెనుక సొరంగంలో ఏ యంత్రమూ కదలలేదు. కొండ మాత్రమే మూలుగుతోంది. తవ్వేవాళ్లు మా చేతుల్లో మిగిలిన నారు అందుకుని, వంకరటింకరగా, నాటుతూనే ఉన్నారు.

బండి తలుపు దగ్గర అతడు వెనుదిరిగాడు.

"మా నాన్న బాకీ తీరిందా అవ్వా?"

అత్తగారు శిరస్త్రాణం తీయకుండానే, నడుము సహకరించినంత వరకు వంగి అతడికి నమస్కరించింది.

"తీరింది నాయనా. ఇక మీ ఇంటివాళ్లు మాకేమీ బాకీ లేరు."