సముద్రం వినే చెవి

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

కోడూరు దగ్గర అమలమ్మ భర్త బాలశౌరి వేసవిలో పోయాడు. వానను ముందే చెబుతాడని ఆయనకు పేరు. కోతల రోజుల్లో గట్టు మీద నిలబడి, సముద్రపు హోరు ఏ మూల నుంచి వస్తోందో విని, "ఇవాళ కుప్పలు వేసేయండి" అనేవాడు. ఊరంతా వేసేది.

ఈసారి తుపానులు ఎక్కువని టీవీలో ముందునుంచీ చెబుతున్నారు. నవంబరు చివర్లో అమలమ్మ ఎకరన్నర వరి కోయించింది. ఏడాది తిండి పనలుగా చేలో పడి ఉంది. గట్టెక్కి విన్నది. హోరు అన్నివైపులా ఒకేలా ఉంది. భయం కూడా వేయలేదు. ఆయన పోయినప్పటి నుంచి ఆమెకు ఏదీ లోపలికి దిగడం లేదు.

ఫోన్ మోగింది. బందరు పోర్టు గేటు దగ్గర టీకొట్టు నడిపే కాశిం.

"వదినా, ఇప్పుడే మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు. అన్న లేడుగా, నీకు చేశా."

"ఆయనకెందుకు చెప్పేవాడివి?"

"అదేంటి వదినా! ఏటా నేనేగా చెప్పేది. వినగానే కుప్పలు వేయిస్తానని ఫోన్ పెట్టేసేవాడు."

అమలమ్మ వెళ్లి కూలీలను పిలుచుకొచ్చింది.

పక్కచేను ఇశ్రాయేలు నవ్వాడు. "పచ్చి పనలు కుప్పేస్తే ఉడికిపోతాయి చెల్లెమ్మా! పోయినేడు బావ వద్దంటున్నా టీవీ మాట విని వేశా. గింజంతా రంగు మారింది. ఇప్పుడు నీకేం వినపడిందంట?"

కాశిం సంగతి చెబితే ఊళ్లో ఆయన పేరు పోతుంది.

"నువ్వూ వెయ్యి అన్నయ్యా," అని ఊరుకుంది.

"ఎండ చూడు ఎట్టా కాస్తందో!"

మర్నాడు పట్టిన వాన మూడు రోజులు ఆగలేదు. తెరిపిచ్చేసరికి ఇశ్రాయేలు పనలు నీళ్లలో ఉన్నాయి, కంకుల మీదే మొలకలు. అమలమ్మ తన కుప్పలో చెయ్యి పెట్టింది. కాస్త వెచ్చగా ఉంది గాని గింజ చెడలేదు. సంతోషం వస్తుందేమోనని చూసింది. రాలేదు.

ఇశ్రాయేలు గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. "బావ చెవి నీకొచ్చింది. నిజం చెప్పు, వినపడిందా?"

"వినపడింది."

"మరి ఆ మాట అనలేదేం? అంటే నేనూ వేసేవాణ్ని."

అమలమ్మ తన కుప్ప వైపు చెయ్యి చూపింది.

"సగం నీది అన్నయ్యా," అంది. "బండి తెచ్చుకో."

తుమ్మా శౌరమ్మ, అరవై మూడేళ్లు, ప్రస్తుతం గన్నవరం.