బొట్టు చాటు దీపం

నేను ఒక ఎర్రదీపాన్ని. పాత తెల్లకారులో స్టీరింగు ముందు, బ్యాటరీ బొమ్మ వెనకాల ఉండే గోరంత బల్బుని. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. ఆరితే సంతోషించినవాళ్లే గానీ, వెలిగినందుకు నన్ను మెచ్చుకున్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

ఒక కాంట్రాక్టరు దగ్గర, తర్వాత ఒక ప్లీడరు దగ్గర పనిచేసి చీమకుర్తిలో నరహరి ఇంటికి చేరాను. ఆయనకు కిడ్నీలు పాడయ్యాక భార్య వకుళ పట్టుబట్టి కారు నేర్చుకుంది. వారానికి మూడుసార్లు ఒంగోలుకు డయాలసిస్‌కు తీసుకెళ్లేది ఆవిడే. ఆలస్యమైతే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారని ఆవిడకు ఒకటే బెంగ.

దసరాకు కారు పూజ చేసినప్పుడు సరిగ్గా నా ఎదుటి మీటర్ల అద్దం మీద గంధం రాసి, దాని మీద పెద్ద కుంకుమ బొట్టు పెట్టింది. "ఇది ఆయన ఆయుష్షు. ఎవరూ తుడవబాకండి" అంది. కొద్దిరోజులకే నాలో తీగ తెగిపోయింది. బొట్టు చాటున నేను ఉన్నానో పోయానో ఎవరికి తెలుస్తుంది?

పాతకాలపు కారు కదా, డైనమోను నిద్రలేపే కరెంటు నా గుండానే వెళ్లాలి. నేను లేకపోతే అది ఊరికే తిరుగుతుంది, చార్జింగు చేయదు. మెకానిక్ జిలానీ బెల్టు బిగించాడు, బ్యాటరీ మార్చాడు, డైనమో విప్పి పరీక్ష చేయించాడు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. కారు మాత్రం రెండు రోజులు తిరిగి మళ్లీ మొరాయించేది.

"ఆ ఎర్రలైటు ఒక్కసారి చూడనీయమ్మా, బొట్టు కొంచెం తుడుస్తా" అన్నాడు చివరికి.

"దాని మీద చెయ్యేశావంటే ఊరుకోను జిలానీ!" అని వకుళ కయ్యిమంది. అతను పానాలు సర్దుకుని వెళ్లిపోయాడు. పిచ్చితల్లి భయం నాకు తెలుసు, కోపం తెచ్చుకోలేకపోయాను.

ఆ వారమే జోరువానలో, లైట్లు, వైపర్లు అన్నీ వేసేసరికి కారు నడిరోడ్డు మీద చచ్చిపోయింది. పక్కసీట్లో నరహరికి కాళ్లు వాచిపోయి ఊపిరి అందడం లేదు. ఫోను చేస్తే జిలానీ వేరే బ్యాటరీ పెట్టుకుని స్కూటరు మీద తడుస్తూ వచ్చాడు. బొట్టు వైపు చూశాడు గానీ మళ్లీ అడగలేదు.

నరహరే చెయ్యి చాచి బొటనవేలితో బొట్టు తుడిచేశాడు.

"అయ్యో, ఏంటండీ ఇది!"

"నా ఆయుష్షు దీంట్లో లేదే, ఆసుపత్రిలో ఉంది. తాళం తిప్పు."

తిప్పింది. అద్దం వెనక చీకటి.

"అదీ సంగతి! ఇది ఇప్పుడు వెలగాల గదమ్మా. బల్బే పోయింది" అని జిలానీ నన్ను ఊడబెరికాడు. పక్కనే హైబీమ్ గుర్తు వెనకాల ఉన్న అలాంటి బల్బునే తీసి నా చోట పెట్టి, బ్యాటరీ మార్చాడు. అది ఎర్రగా వెలిగింది, ఇంజను అందుకోగానే ఆరింది. నన్ను స్టీరింగు పక్కన తాళాలు పెట్టుకునే అరలో పడేశాడు.

వేళకే చేరాం. ఆయన్ని మిషను మీద పడుకోబెట్టి వకుళ ఒక్కతే కారులోకి వచ్చి కూర్చుంది. వెక్కివెక్కి ఏడ్చింది. సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. వేలు అద్దం దాకా వెళ్లి ఆగింది. తాళం తిప్పి, వెలిగిన దీపాన్ని కాసేపు చూసి, ఆ కుంకుమ తన నుదుటనే పెట్టుకుంది.