పదహారు గళ్లలో కొరివికారం

నసీమున్నీసా చేతి కొరివికారం రుచి తెలియనివాళ్లు అద్దంకిలో లేరు. అదెలా చేస్తుందో తెలిసినవాళ్లూ లేరు. పండుమిరపకాయలు ఇంటికొచ్చాయంటే ఆమె వంటింటికి గడియ పడాల్సిందే. ముప్ఫై ఏళ్లుగా ఆ పేరు ఆమె ఒక్కతిదే. అది పోతే ఆమెకు ప్రాణం పోయినంత పని.

ఈ ఏడు పెరట్లో జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కాయలు ఆమె చెయ్యి బాగయ్యేదాకా ఆగుతాయా? ఇక దిక్కు చీమకుర్తిలో ఉన్న కూతురు ఆయేషానే. కానీ ఆ ఇంట్లోనే ఆయేషా ఆడపడుచు నజ్మీన్ ఉంది. పదేళ్లుగా ఆ గుట్టు కోసం కాచుకుని కూర్చున్న మనిషి. పైగా ఆ ఇంట్లో ఎవరికి ఫోన్ వచ్చినా స్పీకర్‌లో పెట్టి అందరూ మాట్లాడటం ఆనవాయితీ.

"చేసే పద్ధతి వాట్సాప్‌లో పెట్టనా?" అంది తల్లి ఫోన్‌లో.

"దారిలో ఎవరూ చదవలేరమ్మా. ఇక్కడికొచ్చాక వదిన చదువుద్ది," అంది ఆయేషా, వదిన పక్కనే ఉండగా. "నా ఇంజినీరింగ్ పరీక్షలప్పుడు నీకు అప్పజెప్పానే, ఆ గళ్ల లెక్క. దాంట్లో రాసి పంపు."

"ఆ లెక్కేంటో నాకూ చెప్పొచ్చుగా," అంది నజ్మీన్.

"లెక్క ఊరంతటికీ తెలిసినా ఫర్వాలేదు వదినా. తాళంమాట మా ఇద్దరికే తెలుసు. అమ్మా, ఒక చదరంలో వచ్చింది తర్వాతి చదరంలో కలపటం మర్చిపోకు."

"పాత జాడీ అడుగు కొత్త జాడీలో కలిపే మనిషినటే నేను?" అని కసిరి నసీమున్నీసా ఫోన్ పెట్టేసింది. పచ్చళ్లు పెట్టే చేతికి అంతకంటే పాపం లేదు మరి. చదరాలూ దేనికది విడిగానే రాసింది, కలపలేదు.

మూడు రోజులు కూర్చుంది మహాతల్లి. చదరానికి పదహారు గళ్లు, గడికో అక్షరం. పట్టిక చూసి ప్రతి అక్షరానికీ బదులు ఇంకోటి పెట్టింది. రెండో వరసను ఒక గడి, మూడో వరసను రెండు, నాలుగో వరసను మూడు గళ్లు పక్కకు జరిపింది. నిలువు వరసల్లో అక్షరాలను ఒకదానితో ఒకటి కలిపి కొత్తవి రాబట్టింది. దానిపైన తాళంమాట కూడింది. మళ్లీ మొదటి నుంచి. ఇలా పదిసార్లు. కల్లంలో మిరపకాయలు తిరగేసినట్టు తిరగేస్తే, పైనున్నదేదో కిందున్నదేదో దేవుడికే తెలియాలి. ఒక్క అక్షరం మార్చినా చదరమంతా మారిపోతుంది. తాళంమాట తెలిసినవాళ్లు వెనక నుంచి విప్పుకుంటూ రావాలి, అంతే.

మొత్తం ఎనిమిది చదరాలు. ఫొటో తీసి దర్జాగా ఫ్యామిలీ గ్రూపులోనే పెట్టింది. చదువుకోండి చూద్దాం అన్న పొగరు.

ఆయేషా విప్పటం మొదలుపెట్టింది. మొదటి చదరం వచ్చింది. మిగతావన్నీ పిచ్చి రాతలే. తల్లి కలిపే ఉంటుందన్న నమ్మకంతో ఆమె కలిపిన లెక్కే విప్పుతోంది. స్పీకర్‌లో అడగలేదు, అర్థం చేసుకోనూ లేదు. తల్లి సంగతి ఆమెకు తట్టేసరికి వారం గడిచింది, అద్దంకి నుంచి పంపిన బుట్టెడు కాయలూ బూజుపట్టాయి.

ఫొటో పెట్టిన పదో రోజున నజ్మీన్ ఒక్కతే అద్దంకి వచ్చింది, చేతిలో చిన్న జాడీతో.

నసీమున్నీసా వేలితో తీసి నాలుక మీద రాసుకుంది. అది తన కారమే.

"ఆయేషా చెప్పేసిందా?"

"అబ్బే, మీ గళ్లలో నాకొక్క ముక్క తెలిస్తే ఒట్టండీ. కానీ జాకెట్ల మీద మగ్గం పని చేసేదాన్ని, ఒకే పువ్వు మళ్లీ వస్తే నా కన్ను పట్టేస్తుంది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది చదరాలు అచ్చం ఒకటే. ఉప్పు, చింతపండు, మెంతిపిండి, వెల్లుల్లి ఎవరికి తెలీవు అత్తయ్యగారూ? ప్రతిదాని తర్వాతా మీరు మళ్లీ మళ్లీ ఏం చేస్తారా అని ఆలోచించా. ఆయేషా పెళ్లి పనులకొచ్చినప్పుడు రోజూ పొద్దున్నే మీ జాడీ మీద పళ్లెం బోర్లించి ఉండేది. నేను ఎత్తబోతే చేతిమీద ఒక్కటిచ్చారు. గుర్తుందా? బుట్టలో కాయలు బూజుపట్టకముందే గుప్పెడు తీసి అలాగే చేసి చూశా."

ఆ నాలుగు చదరాల్లోనూ ఉన్నది ఒకే మాట. ఒక రాత్రంతా మూతపెట్టి ముట్టుకోకూడదమ్మా. సరిగ్గా పదహారు అక్షరాలు. అందరూ ఒక్క పూటలో కానిచ్చేది ఆమె నాలుగు రాత్రులు ఆగి చేస్తుంది. గుట్టంతా అదే.

నసీమున్నీసాకు ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ల పేరు జాకెట్లు కుట్టే పిల్ల కంటికి దొరికిపోయిందని కోపం, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి తన కారం ఇంకొకరు చేసిపెడితే తిన్నానన్న సంతోషం, రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కళ్లు తుడుచుకుని ఇంకోసారి వేలితో తీసుకుంది. ఈసారి కనుబొమలు ముడిపడ్డాయి. ఇందులో ఏదో ఉంది. తన దాంట్లో లేనిది, చివర్లో నాలుక మీద సన్నగా నిలిచేది.

"ఒసే నజ్మీనూ, ఇందులో ఏం కలిపావే?"

నజ్మీన్ జాడీ మూత బిగించి లేచింది.

"అది మాత్రం చెప్పనండీ అత్తయ్యగారూ."